బదులు మనిషి లేని అంగన్‌వాడీ

దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఒక్కో కేంద్రానికి మంజూరైన సిబ్బంది ఇద్దరే: ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు. వారిలో ఒకరు సెలవు పెట్టినా, సమావేశానికి వెళ్లినా, చివరకు భోజనానికి కూర్చున్నా పిల్లల భారమంతా రెండో వ్యక్తిపైనే పడుతుంది. ఆ లోటును పూడ్చే మూడో మనిషికి ఈ వ్యవస్థలో చోటు లేదు.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమైంది. సిబ్బంది ఇద్దరే అయినా పనులు మాత్రం ఏటికేడు పెరుగుతూ వచ్చాయి. పౌష్టికాహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలకు తోడ్పాటు, గృహ సందర్శనలకు తోడు 2021 నుంచి పోషణ్ ట్రాకర్‌లో వివరాల నమోదు వచ్చి చేరింది. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంతో గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే భోజనం పెట్టే బాధ్యత కూడా వచ్చింది.

కాగితంపై నిష్పత్తి

మూడేళ్ల లోపు పిల్లలు 10 మందికి, మూడు నుంచి ఆరేళ్ల వారు 20 మందికి ఒక సంరక్షకురాలు ఉండాలని 2013 నాటి జాతీయ బాల్య సంరక్షణ, విద్యా విధానం నిర్దేశించింది. రిజిస్టరు ప్రకారం చాలా కేంద్రాల్లో ఈ లెక్క సరిపోవచ్చు. గడియారం ప్రకారం చూస్తే సరిపోదు. వంట మొదలైతే సహాయకురాలు పొయ్యి వద్ద నుంచి కదలలేదు. అదే సమయంలో కార్యకర్త గృహ సందర్శనకు వెళితే, సహాయకురాలు ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను పిల్లల మీద ఉంచవలసిందే. ఒక్కరే కార్యకర్తతో నడిచే మినీ కేంద్రాల పరిస్థితి మరీ ఇబ్బందికరం. వాటిని పూర్తిస్థాయి కేంద్రాలుగా మార్చేందుకు కేంద్రం 2023లో అనుమతించింది.

నిబంధనల ప్రకారం ఏడాదికి 20 రోజుల సెలవు, 180 రోజుల ప్రసూతి సెలవు ఉన్నాయి. ఆ రోజుల్లో కేంద్రాన్ని నడిపేందుకు ప్రత్యేక సిబ్బంది మాత్రం లేరు. తరచుగా పొరుగు కేంద్రం కార్యకర్తకే అదనపు బాధ్యత అప్పగిస్తారు. అంటే ఒక చోటి లోటు రెండు చోట్లకు పాకుతుంది.

హోదాలోనే చిక్కు

వీరిని ప్రభుత్వం ఉద్యోగులుగా కాక గౌరవ కార్యకర్తలుగా పరిగణిస్తోంది. వారివి సివిల్ పోస్టులు కావని సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పింది. అదే న్యాయస్థానం 2022 ఏప్రిల్‌లో వారికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని స్పష్టం చేసింది. అయినా పని గంటలు, విరామం, ప్రత్యామ్నాయ సిబ్బంది అన్న మాటలు మంజూరు లెక్కల్లోకి ఇంకా రాలేదు. రైల్వేలో స్టేషన్ మాస్టర్లు, గేట్‌మెన్‌ల కోసం ‘రెస్ట్ గివర్’, ‘లీవ్ రిజర్వ్’ పోస్టులు లెక్కగట్టి మంజూరు చేస్తారు. గేటు వద్ద మనిషి లేని క్షణం ఎంత ప్రమాదకరమో అక్కడ గుర్తించారు. పసిపిల్లల గది విషయంలో ఆ గుర్తింపు లేదు.

అదనపు మనిషి వల్ల ఒనగూడే మేలుకు తమిళనాడు సాక్ష్యం. అక్కడ 320 అంగన్‌వాడీల్లో పరిశోధకులు ఒక అధ్యయనం జరిపారు. వాటిలో కొన్ని కేంద్రాల్లో పూర్వ ప్రాథమిక విద్య కోసం సగం పూట పనిచేసే మరో కార్యకర్తను నియమించి, మిగిలిన వాటితో పోల్చి చూశారు. బోధనా సమయం రెట్టింపైంది. పద్దెనిమిది నెలల తర్వాత పిల్లల భాష, గణిత సామర్థ్యాలు మెరుగుపడ్డాయి. కార్యకర్తకు ఆరోగ్య, పోషణ పనులకు తీరిక చిక్కడంతో ఎదుగుదల లోపం, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి.

ప్రతి కేంద్రానికీ మూడో పోస్టు ఒకేసారి సాధ్యం కాకపోవచ్చు. కానీ ఒక్కో సూపర్‌వైజర్ పరిధిలో కొందరు శిక్షణ పొందిన ప్రత్యామ్నాయ కార్యకర్తలను ఉంచడం ప్రభుత్వాలకు మోయలేని భారం కాదు. మంజూరు చేసిన సెలవును వాడుకునే వీలు కల్పించడం ఉద్యోగ న్యాయం మాత్రమే కాదు, ఆ పూట కేంద్రంలో ఉన్న పిల్లల భద్రత కూడా.