నేతపేటల పిల్లలకు సైకిల్ యాత్ర

సోలాపూర్ నగరపు తూర్పు భాగంలో సైకిల్ ఒక పనిముట్టు. అశోక్ చౌక్, సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట వీధుల్లో తరతరాలుగా నూలు మూటలను, టవళ్ళ కట్టలను, కార్ఖానాకు అప్పగించవలసిన బీడీలను మోసినది అదే. మోటారు వాహనాలు ఎంత పెరిగినా మగ్గం పక్కన గోడకు ఆనించిన పాత సైకిల్ నేటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. ఆ ఇంటి పిల్లవాడు దానిపై బడికి వెళతాడు, అంగడికి వెళతాడు, తండ్రి చెప్పిన సరుకు దింపి వస్తాడు. అదే సైకిల్‌పై ఊరు దాటి లోకం చూడవచ్చుననే ఆలోచన మాత్రం అతనికి అరుదుగా తడుతుంది.

తెలంగాణ నుండి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీల వారసులు వీరు. ఆ తరానికి ప్రయాణం ఒక అవసరం. ఈ తరానికి అది చదువులో ఒక భాగం కావాలి. పద్నాలుగు నుండి పద్దెనిమిదేళ్ళ వయస్సు బడికీ పనికీ నడుమ నిలిచిన కాలం. మగ్గం చప్పుడులోకి శాశ్వతంగా అడుగుపెట్టక మునుపే తన జిల్లా నేలను, నీటిని, మనుషులను స్వయంగా చూచిన పిల్లవాని దృష్టి విశాలమవుతుంది. అందుకు అతి తక్కువ ఖర్చుతో దొరికే సాధనం సైకిల్ యాత్ర.

ఒక ఉపాధ్యాయుని ఆలోచన

పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరడం కొత్త విషయం కాదు. జర్మనీలో రిచర్డ్ షిర్మన్ అనే బడి పంతులు 1909లో విద్యార్థులతో కాలినడకన వెళుతుండగా పెద్ద గాలివాన కురిసింది. ఆ రాత్రి వారు ఒక పల్లె బడిలో తలదాచుకున్నారు. యాత్ర చేసే పిల్లలకు ఊరూరా చౌకగా బస దొరకాలన్న తలంపు ఆయనకు ఆ రాత్రే కలిగింది. 1912లో ఆల్టెనా కోటలో మొదటి యువజన వసతిగృహం వెలసింది. మన దేశంలో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ 1949లో ఏర్పడింది.

మహారాష్ట్రకు మరొక ఉదాహరణ ఇంకా దగ్గరిది. ఆనందవనం నిర్మాత బాబా ఆమ్టే 1985 డిసెంబరులో కన్యాకుమారి నుండి కాశ్మీరు దాకా ‘భారత్ జోడో’ యాత్ర ప్రారంభించినప్పుడు ఆయన వెంట యువజనులు సైకిళ్ళపైనే సాగారు. సైకిల్ వేగంలో వెళ్ళేవాడు దారిలోని మనిషిని పలకరించగలడు. బస్సు కిటికీ నుండి చూచేవానికి ఆ వీలు లేదు.

ఎక్కడికి వెళ్ళవచ్చు?

మొదటి యాత్ర చిన్నదై ఉండాలి. తుళజాపూర్ దారిలో పది కిలోమీటర్లలోపే హిప్పర్గా చెరువు ఉంది. బ్రిటిష్ కాలంలో ఆదిలా నదికి అడ్డుకట్ట వేసి కట్టిన జలాశయం ఇది. ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. ఎవరి సైకిల్ మొరాయిస్తుందో, ఎవరికి త్వరగా ఆయాసం వస్తుందో ఈ చిన్న యాత్రలోనే తెలిసిపోతుంది.

రెండవది బార్శీ దారిలో సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉన్న నాన్నజ్. బట్టమేక పక్షి కోసం 1979లో ఏర్పడిన అభయారణ్యం అక్కడ ఉంది. మరాఠీలో ‘మాళఢోక్’ అని పిలిచే ఆ పక్షి ఇప్పుడు కనిపించడమే అరుదు. అయితే కృష్ణ జింకలు గడ్డి మైదానంలో గంతులు వేస్తూ కనిపిస్తాయి. అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి.

ఈ రెండూ పూర్తయిన జట్టు ఒక రాత్రి బసతో దూరయాత్రకు సిద్ధం కావచ్చు. అక్కల్‌కోట సుమారు 40 కిలోమీటర్లు. స్వామి సమర్థ క్షేత్రంలో అన్నఛత్రం ఉన్నందున భోజనానికి ఇబ్బంది లేదు. ఆ దారిలో కుంభారి దాటిన కొద్దీ మరాఠీతో పాటు కన్నడం కూడా చెవిన పడుతుంది. ఇంట తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే పిల్లలకు అది మూడవ భాష. దక్షిణాన హత్తర్‌సంగ్ కూడల్‌లో భీమా, సీనా నదులు కలుస్తాయి. అక్కడి ఆలయంలో శక సంవత్సరం 940, అనగా క్రీ.శ. 1018 నాటి శాసనం ఉంది. మరాఠీ శాసనాలలో అతి ప్రాచీనమైన వాటిలో అది ఒకటి. పాఠ్యపుస్తకంలో చదివిన విషయాన్ని రాతిపై చూడడం వేరు.

హైదరాబాదు దిక్కున నల్‌దుర్గ్ 45 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. ఆదిల్‌షాహీల కాలంలో బోరీ నదిపై ఆనకట్ట కట్టి, దాని లోపలనే నిర్మించిన ‘పానీ మహల్’ ఆ కోటకు అందం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సోలాపూర్ వైపు నుండి నిజాం రాజ్యంలో ప్రవేశించినప్పుడు మొదట చేజిక్కించుకున్న స్థానాలలో ఇది ఒకటి. తాతలు విడిచి వచ్చిన రాజ్యం సరిహద్దు ఎంత దగ్గరగా ఉండేదో పిల్లలకు అక్కడ అర్థమవుతుంది. అయితే జాతీయ రహదారిపై భారీ వాహనాల ఒత్తిడి ఎక్కువ. అనుభవం గల జట్టును మాత్రమే అటు తీసుకువెళ్ళాలి.

కాలం, గాలి, ముల్లు

సోలాపూర్ ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో పిల్లలను రోడ్డెక్కించరాదు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఆ రోజుల్లో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుండి వీస్తుంది. కనుక తూర్పుకు వెళ్ళేటప్పుడు కష్టం, తిరిగి వచ్చేటప్పుడు సుఖం. దీనిని లెక్కలోకి తీసుకొనే సమయం నిర్ణయించాలి.

ఆ నెలలే చెరకు నరికే కాలం కూడా. రెండేసి ట్రాలీలు తగిలించిన ట్రాక్టర్లు వెనుక దీపాలు లేకుండా సాగుతుంటాయి. చీకటి పడేలోగా బసకు చేరుకోవాలన్న నియమం ఇక్కడ ప్రాణానికి సంబంధించినది.

సైకిల్ కొత్తది కానక్కరలేదు, సరియైనదైతే చాలు. రెండు బ్రేకులు పట్టాలి. గొలుసుకు నూనె వేయాలి. మడమను పెడల్‌పై ఉంచి దానిని కిందికి దింపినప్పుడు కాలు చక్కగా చాపుకొనేంత ఎత్తులో సీటు ఉండాలి. సీటు తక్కువైతే మోకాళ్ళు నొప్పెడతాయి. దారిపొడవునా తుమ్మ ముళ్ళు ఉంటాయి గనుక జట్టుకు రెండు పంపులు, పంక్చరు సామాను, అదనపు ట్యూబులు తప్పనిసరి. పంక్చరు వేయడం బయలుదేరే ముందే ప్రతి పిల్లవానికీ, ప్రతి అమ్మాయికీ నేర్పాలి.

వెనుకబడిన వాడే కొలత

జట్టులో ఎనిమిది, పది మందికి మించరాదు. ముందు ఒక పెద్ద, వెనుక ఒక పెద్ద ఉండాలి. చివరి సైకిల్‌ను దాటి ఎవరూ వెనుక మిగలరాదు. అందరూ ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరుగా సాగాలి. మలుపు వచ్చిన ప్రతిచోటా ఆగి, తలలు లెక్కించుకొని కదలాలి. సాధారణ సైకిళ్ళపై గంటకు 12 కిలోమీటర్లు చాలు. ఆ లెక్కన 40 కిలోమీటర్లకు విశ్రాంతితో కలిపి నాలుగైదు గంటలు పడుతుంది.

జట్టు వేగాన్ని నిర్ణయించవలసినవాడు అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాడు. అతనిని ముందు వరుసలోకి తేవాలి. బలవంతులు అతని వెనుక ఓపికగా తొక్కడం నేర్చుకోవాలి. ఇది కేవలం దారి నియమం కాదు. పడుగులో ఒక పోగు తెగితే మగ్గాన్ని ఆపి, అతికి, మళ్ళీ నడపడం నేత ఇంటి పిల్లలకు పుట్టుకతో తెలిసిన విద్యయే.

ఆహారం విషయంలో సోలాపూర్ భాగ్యశాలి. కడక్ జొన్నరొట్టె, పల్లీ చట్నీ రెండు రోజులైనా చెడవు, బరువూ తక్కువ. గంటకు అర లీటరుకు తగ్గకుండా నీరు తాగాలి. ఉప్పు, చక్కెర కలిపిన నీరు ఒక సీసాలో వేరుగా ఉంచుకోవాలి.

తల్లిదండ్రుల సందేహాలు

పని దినం పోతుందన్నది మొదటి సందేహం. అది న్యాయమైనదే. అందువలన మగ్గాలకు సెలవు ఉన్న రోజు చూసి, ఇంటి సైకిల్ తండ్రికి అవసరం లేని తేదీ నిర్ణయించాలి. రెండవది భయం. దారి, బస, తిరిగి వచ్చే వేళ కాగితంపై రాసి ప్రతి ఇంటికీ ఇవ్వాలి. సంతకంతో అనుమతి తీసుకోవాలి. బడి తరఫున వెళితే విద్యాశాఖ నిబంధనలు పాటించాలి. 108, 112 నంబర్లు పిల్లలందరికీ నోటికి రావాలి. అమ్మాయిలు ఉన్న జట్టులో ఉపాధ్యాయిని ఉండి తీరాలి. అమ్మాయిలను ఇంట వదిలి వెళ్ళడం మాత్రం సమస్యకు పరిష్కారం కాదు. తల్లితో పాటు బీడీలు చుడుతూ కూర్చునే అమ్మాయికే ఆ ఒక్క రోజు ఆరుబయట గాలి మరింత అవసరం.

ఇందుకు పెద్ద నిధులు, పెద్ద సంస్థలు అక్కరలేదు. బాధ్యత తీసుకునే ఇద్దరు పెద్దలు, సరిచేసిన పది సైకిళ్ళు, హిప్పర్గా చెరువు దాకా ఒక శీతాకాలపు ఉదయం చాలు. మూటలు మోసిన సైకిలే ఆ ఉదయం పిల్లలకు దారి చూపిస్తుంది.