దారి తప్పిన తీగ



గడచిన మాఘమాసమున మా అత్తగారు తులసికోట చెంత సొమ్మసిల్లి పడిపోయిరి. నాడి నిమిషమునకు 35 మారులే కొట్టుకొనుచుండెను. మద్నూరునుండి హైదరాబాదునకు తీసికొనిపోగా, వైద్యులు పేస్‌మేకరు అమర్చవలెననిరి. ఇంటిల్లపాదికిని భయము కలిగెను. అందునకు కారణము లేకపోలేదు. మా బంధువొకామెకు అమర్చిన తీగ దారి తప్పినదని ఆరు నెలలకు, మాట తడబడిన తరువాత గాని బయటపడలేదు. ఆమె నేటికిని రక్తము గడ్డకట్టకుండ మందు పుచ్చుకొనుచున్నది.

ఈ యంత్రమును మొట్టమొదట 1958 అక్టోబరు 8వ తేదీన స్వీడను దేశమున సెన్నింగు అను శస్త్రవైద్యుడు ఆర్నె లార్సన్ అను రోగికి అమర్చెను. లార్సన్ 2001 వరకు జీవించెను. నాడు రొమ్ము కోసి తీగలను గుండెకు కుట్టిరి. నేడు సాధారణముగా భుజము చెంతనున్న సిరలోనుండియే తీగను పంపుదురు. అది కుడి కర్ణికను దాటి కుడి జఠరికలో కుదురుకొనవలెను. అయితే సుమారు నలుగురిలో నొకరికి రెండు కర్ణికల నడుమ పుట్టుకనాటి చిన్న ద్వారము పూర్తిగా మూసికొనక యుండును. అరుదుగా తీగ అందుండి ఎడమ గదిలోనికి జొచ్చును. అచ్చట తీగపై రక్తము గడ్డకట్టి మెదడునకు పోయినచో పక్షవాతము కలుగవచ్చును.

ఎదుటినుండి తీసిన ఎక్స్‌రేలో ఈ పొరపాటు తెలియకపోవచ్చును. ముందు బిందెయుండగా వెనుకనున్న చెంబు కనబడునా? ప్రక్కనుండి చూడవలెను. కుడి జఠరిక రొమ్ముటెముక వైపున, ఎడమది వెన్ను వైపున నుండును. కావున నేర్పరులైన వైద్యులు తీగను నడుపునపుడే యంత్రమును ఏటవాలుగా త్రిప్పి చూతురు. పిదప పూర్తి ఇ.సి.జి. తీయుదురు. యంత్రము గుండెను నడుపుచుండగా వి1 అను స్థానమున గీత సాధారణముగా క్రిందికి దిగును. పైకి లేచినచో సందేహించి ఎకో పరీక్ష చేయుదురు.

నేను జంకుచునే “అయ్యా, ప్రక్కనుండి గూడ చూచితిరా?” అని యడిగితిని. వైద్యులు విసుగుకొనక ఆ చిత్రమును చూపిరి. తీగ కొన ముందువైపుననే యుండెను. నా మనస్సు కుదుటబడెను.

పొరపాటు తొలిదినములలో తెలిసినచో తీగను సవరించుట సులభము; ఏండ్లు గడచిన కొలది కష్టము. కావున ఇంటికి మరలక మునుపే ప్రక్కచిత్రమును, ఇ.సి.జి.ని గూర్చి అడుగుడు. వైద్యులు చెప్పినన్ని వారములు ఆ వైపు చేయి భుజమునకు పైకెత్తనీయకుడు. కన్నులు తిరిగినను, ఎక్కిళ్లు మానకున్నను, మాట తడబడినను జాగు చేయక చూపింపుడు. వినయముతో నడుగుట వైద్యుని శంకించుట కాదు, మనవారిని కాపాడుకొనుటయే.