సర్వరులో లేని డిస్కు

బ్యాంకు ఖాతాలో, టెలిఫోను బిల్లులో నడిపే పెద్ద యూనిక్స్ సర్వరును విప్పి చూస్తే లోపల కనిపించే డిస్కులు మహా అయితే రెండో నాలుగో. వాటిలో ఉండేది ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే. అసలు డేటా అదే హాలులో మరో ర్యాకులో, ఒక్కోసారి పక్క భవనంలో ఉండే స్టోరేజ్ యంత్రంలో ఉంటుంది. అలాంటి యంత్రాలను సర్వర్లతో కలపడానికే వేసిన ప్రత్యేక నెట్‌వర్కును స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్ అంటారు. వాడుకలో అది ‘శాన్’.

ఆఫీసుల్లో ఎక్కువమందికి తెలిసిన షేర్డ్ ఫోల్డరు వేరు, ఇది వేరు. షేర్డ్ ఫోల్డరులో ఫైళ్ల లెక్కంతా అవతలి యంత్రమే చూసుకుంటుంది. సర్వరు ఫలానా ఫైలు కావాలని అడుగుతుంది, అంతే. శాన్‌లో సర్వరుకు అందేది ఉత్త బ్లాకులు. ఏ బ్లాకులో ఏ ఫైలు ఉందో సర్వరే గుర్తుంచుకోవాలి. దానికి అది అచ్చంగా సొంత డిస్కులాగే కనిపిస్తుంది కాబట్టి, ఫైల్ సిస్టమ్ రాసుకోవచ్చు, డేటాబేస్ పెట్టుకోవచ్చు, దాని నుంచే బూట్ కావచ్చు. ఈ భ్రమ చెదరకుండా నిలబెట్టడమే సర్వరును శాన్‌కు సిద్ధం చేసే పని.

పెద్ద సంస్థల్లో శాన్ అంటే ఎక్కువగా ఫైబర్ ఛానెల్. అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ 1994లో ఆమోదించిన ఈ పద్ధతిలో, డిస్కులతో మాట్లాడే స్కజీ ఆదేశాలే గాజు తీగల మీద ప్రయాణిస్తాయి. తొలినాళ్లలో 1 గిగాబిట్‌గా ఉన్న వేగం ఇప్పుడు 32, 64 గిగాబిట్లకు చేరింది. అవే ఆదేశాలను మామూలు ఈథర్‌నెట్ మీద పంపే ఐస్కజీకి 2004లో ప్రమాణం వచ్చింది. తీగ ఏదైనా, సర్వరు వైపు చేయాల్సిన పనుల వరస దాదాపు ఒకటే.

ఫైబర్ ఛానెల్ తీగ సర్వరులో చేరేది హోస్ట్ బస్ అడాప్టర్ అనే కార్డుకు. ఈ రంగంలో క్యూలాజిక్, ఎములెక్స్ కార్డులు బాగా తెలిసినవి. ఒక్కో పోర్టుకు తయారీలోనే 64 బిట్ల శాశ్వత సంఖ్య ఇస్తారు. దాన్ని వరల్డ్ వైడ్ నేమ్ అంటారు. పదహారు హెక్సా అంకెల్లో రాస్తారు. మొదటి పని ఆ సంఖ్య తెలుసుకోవడం. యూనిక్స్ రకాల్లో ఒకటైన సొలారిస్ 10లో ‘ఎఫ్‌సీఇన్ఫో’ ఆదేశం ఇస్తే పోర్టు సంఖ్యతో పాటు లింకు ఆన్‌లైన్‌లో ఉందో లేదో, ఏ వేగంతో నడుస్తోందో కూడా చెబుతుంది. లినక్స్‌లో ‘సిస్’ డైరెక్టరీ కింద ఎఫ్‌సీ హోస్ట్ ఫైళ్లలో ఇదే సమాచారం ఉంటుంది. ఈ సంఖ్యను చూసి టైపు చేయకుండా కాపీ చేసుకోవడమే క్షేమం. ఒక్క అంకె తప్పినా ఎక్కడా ఎర్రర్ రాదు, డిస్కు మాత్రం కనబడదు.

ఆ సంఖ్యతో తర్వాతి రెండు అనుమతులు సర్వరు బయటే జరుగుతాయి. సర్వర్ల తీగలూ స్టోరేజ్ తీగలూ కలిసే స్విచ్‌లో జోనింగ్ చేస్తారు: ఈ సర్వరు పోర్టు ఆ స్టోరేజ్ పోర్టుతో మాత్రమే మాట్లాడవచ్చునని. ఒక జోన్‌లో ఒకే సర్వరు పోర్టు ఉంచడం మంచి అలవాటు. నాలుగు సర్వర్లను ఒకే జోన్‌లో పడేస్తే పని తొందరగా అవుతుంది గానీ, ఒక కార్డు గొడవ చేసినప్పుడు నాలుగూ ఉలిక్కిపడతాయి. రెండో అనుమతి స్టోరేజ్ యంత్రంలో ఇస్తారు. అందులోని స్థలాన్ని లన్‌లు అనే ముక్కలుగా కోసి, ఏ లన్ ఏ వరల్డ్ వైడ్ నేమ్‌కు కనబడాలో రాస్తారు. దీన్నే లన్ మాస్కింగ్ అంటారు. జోనింగ్ దారి తెరుస్తుంది, మాస్కింగ్ వస్తువును చూపిస్తుంది. ఈ రెండింటిలో ఏది లేకపోయినా సర్వరు ముందు ఏమీ ఉండదు.

ఇక సర్వరు వంతు. కొత్త లన్ వచ్చిందని దానంతట అదే గ్రహిస్తుందని అనుకోకూడదు, వెతకమని చెప్పాలి. సొలారిస్‌లో ‘సీఎఫ్‌జీఅడ్మ్’, మిగతా యూనిక్స్‌లలో ఏఐఎక్స్‌లో ‘సీఎఫ్‌జీఎంజీఆర్’, హెచ్‌పీ-యూఎక్స్‌లో ‘ఐవోస్కాన్’ ఈ పనికి ఉన్నాయి. వీటితో మెషిన్ ఆపకుండానే డిస్కు వచ్చి చేరుతుంది. సొలారిస్ 8, 9 కాలంలో కొన్ని కార్డుల విషయంలో ప్రతి టార్గెట్‌నూ (అంటే స్టోరేజ్ పోర్టునూ) ప్రతి లన్‌నూ ‘ఎస్‌డీ డాట్ కాన్ఫ్’ ఫైలులో చేత్తో రాసి, రీబూట్ చేయాల్సి వచ్చేది. అర్ధరాత్రి డౌన్‌టైమ్ అడగడానికి అప్పట్లో అదొక కారణం.

అసలు చిక్కు డిస్కు కనబడ్డాక మొదలవుతుంది. తీగ తెగినా పని ఆగకూడదని సర్వరుకు రెండు కార్డులు పెడతారు. ఒక్కొక్కటి వేర్వేరు స్విచ్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి ఒక్కో స్విచ్ స్టోరేజ్ యంత్రంలోని రెండు కంట్రోలర్లకూ కలుస్తుంది. అంటే ఒకే లన్‌కు నాలుగు దారులు. దారికొక డిస్కు చొప్పున సర్వరు నాలుగు డిస్కులు లెక్కపెడుతుంది, నాలుగు గుమ్మాలున్న ఇంటిని నాలుగిళ్లుగా రాసుకునే జనాభా లెక్కల మనిషిలాగా. పది లన్‌లు ఇస్తే నలభై డిస్కులు. ఈ నాలుగూ ఒకటేనని తెలియని అడ్మినిస్ట్రేటర్ వాటిలో రెండింటి మీద రెండు ఫైల్ సిస్టమ్‌లు రాస్తే, రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది.

దీనికి మందు మల్టీపాథింగ్. ప్రతి లన్‌కూ స్టోరేజ్ యంత్రం ఇచ్చిన సొంత గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. ఏ దారిన వెళ్లి అడిగినా అదే సంఖ్య చెబుతుంది. మల్టీపాథ్ సాఫ్ట్‌వేర్ ఆ సంఖ్యలు పోల్చి, నాలుగు దారుల్నీ ఒకే డిస్కు కింద కడుతుంది. ఒక దారి మూసుకుపోతే మిగతావాటి మీద పని నడిపిస్తుంది. సొలారిస్ 10లో ఇది ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంది. అయితే స్పార్క్ ప్రాసెసర్ ఉన్న మెషిన్లలో ఫైబర్ ఛానెల్‌కు ముందుగా ఆఫ్‌లో ఉంటుంది. ‘ఎస్‌టీఎంఎస్‌బూట్’ ఆదేశంతో ఆన్ చేసి రీబూట్ చేయాలి. డిస్కుల పేర్లు అప్పుడు మారిపోయి, ఆ పొడవాటి గుర్తింపు సంఖ్యే పేరులో కనిపిస్తుంది. పలకడానికి నోరు తిరగదు కానీ, స్టోరేజ్ టీమ్‌తో మాట్లాడేటప్పుడు ఏ లన్ గురించో అనుమానం లేకుండా తేలుతుంది. లినక్స్‌లో డివైస్ మ్యాపర్ మల్టీపాథ్ ఇదే పని చేస్తుంది. అక్కడ ‘ఎస్‌డీఏ’, ‘ఎస్‌డీబీ’ పేర్లను నమ్ముకోవడం ప్రమాదం. రీబూట్ తర్వాత అవి ఒకదాని చోట మరొకటి రావచ్చు. డేటా వేయడానికి ముందే మల్టీపాథింగ్ ఆన్ చేయడం ఒక్కటే తెలివైన వరస. తర్వాత చేస్తే మౌంట్ పట్టికలన్నీ సరిచూసుకోవాలి.

దారినే పేరుగా పెట్టుకున్న పాత పద్ధతి ఎంత ఇబ్బంది పెట్టిందో హెచ్‌పీ-యూఎక్స్ చరిత్రలో తెలుస్తుంది. ఫైబర్ ఛానెల్ స్విచ్ ప్రతి పోర్టుకు 24 బిట్ల చిరునామా ఇస్తుంది. తీగను పక్క సాకెట్‌లోకి మారిస్తే ఆ చిరునామా మారుతుంది. పాత హెచ్‌పీ-యూఎక్స్ డిస్కు దారిలో ఈ చిరునామానే వాడేది కనుక, స్టోరేజ్ వైపు తీగ ఒకటి మారితే అదే డిస్కు కొత్త పేరుతో పుట్టేది. 2007లో వచ్చిన 11ఐ మూడో వెర్షన్‌లో డిస్కు గుర్తింపునే ఆధారం చేసుకున్న శాశ్వత పేర్లు, సొంత మల్టీపాథింగ్ వచ్చాయి. ఏఐఎక్స్‌లో ఇదే సమస్యకు డైనమిక్ ట్రాకింగ్ అనే సెట్టింగు ఉంది. దారి తెగినప్పుడు ఊరికే ఎదురుచూడకుండా వెంటనే మరో దారి పట్టించే ఫాస్ట్ ఫెయిల్ సెట్టింగును దానికి జతగా పెడతారు.

పేరు కుదిరాక డిస్కుకు లేబుల్ రాయాలి. పాతకాలపు లేబుళ్లు 512 బైట్ల సెక్టార్లను 32 బిట్లతో లెక్కిస్తాయి కాబట్టి 2 టెరాబైట్ల దగ్గర ఆగిపోతాయి. అంతకన్నా పెద్ద లన్‌కు ఈఎఫ్ఐ లేబుల్ తప్పదు. ఆపైన యూఎఫ్ఎస్, జేఎఫ్ఎస్2, జెడ్‌ఎఫ్ఎస్ వంటి ఫైల్ సిస్టమ్ వేస్తారు. జెడ్‌ఎఫ్ఎస్‌కు ఒకే లన్ ఇచ్చి వదిలేస్తే డేటా పాడైందని చెక్‌సమ్‌తో పసిగడుతుంది గానీ, బాగుచేయడానికి దాని దగ్గర రెండో ప్రతి ఉండదు. స్టోరేజ్‌లో డిస్కు చెడినా డేటాను కాపాడే రెయిడ్ ఉంది కదా అని ఊరుకునేవారు ఈ తేడాను తరచూ మరిచిపోతారు.

ఒకే లన్‌ను రెండు సర్వర్లకు చూపించడం శాన్‌లో సులువు. క్లస్టర్ సాఫ్ట్‌వేర్ లేకుండా రెండూ మౌంట్ చేస్తే ఒకదాని రాత మరొకదానికి తెలియక ఫైల్ సిస్టమ్ ముక్కలవుతుంది. ఒకేసారి పంచుకోవాలంటే జీపీఎఫ్ఎస్, జీఎఫ్ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్‌లు కావాలి.

వేగం విషయంలో క్యూ లోతును చూసుకోవాలి. సొలారిస్ ఒక్కో లన్‌కు ముందుగా 256 ఆదేశాల వరకు వరసలో నిలబెడుతుంది. పది లన్‌లుంటే 2,560. పది సర్వర్లుంటే దానికి పది రెట్లు. ఇవన్నీ వచ్చి పడేది స్టోరేజ్ యంత్రంలోని కొద్దిపాటి పోర్టుల మీద. వరస నిండిపోయిందని అది తిప్పిపంపడం మొదలుపెడితే సర్వర్లన్నీ మందగిస్తాయి. ఎంతకు తగ్గించాలో స్టోరేజ్ తయారీదారు పత్రాలు చెబుతాయి.

సర్వరును వాడుకలోకి ఇచ్చేముందు ఒక తీగ పీకి చూడాలి. కాపీ నడుస్తుండగా మొదటి కార్డు తీగ తీస్తే రాత కొన్ని సెకన్లు ఆగి మళ్లీ సాగాలి. తిరిగి పెట్టాక ఆ దారి మల్టీపాథ్ పట్టికలో మళ్లీ కనిపించాలి. తర్వాత రెండో తీగ. కాగితం మీద నాలుగు దారులు చూపించి, నిజానికి నాలుగూ ఒకే కార్డు గుండా పోయే అమరికలు ఈ పరీక్షలోనే బయటపడతాయి.

లన్‌ను వెనక్కి ఇచ్చేటప్పుడు వరస తలకిందులవుతుంది. ముందు అప్లికేషన్ ఆపి ఫైల్ సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేయాలి, డిస్కులను కలిపి కట్టిన వాల్యూమ్ గ్రూపు నుంచో పూల్ నుంచో ఆ డిస్కును విడదీయాలి, ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి నాలుగు దారులూ తొలగించాలి. ఆ తర్వాతే స్టోరేజ్ యంత్రంలో మాస్కింగ్ తీసేయాలి. మాస్కింగే ముందు తీసేస్తే, లేని డిస్కు కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ సర్వరులో ఆదేశాలు వేలాడిపోతాయి. ఒక్కోసారి రీబూట్ చేస్తే తప్ప అవి వదలవు.