ఇంటినే చదివే చదువు

అత్తమీది కోపం దుత్తమీద చూపినట్లని మనకొక సామెత ఉన్నది. ఆ కోపం నడిచే దారిని శాస్త్రంగా మలచిన వైద్యుడు మర్రే బోవెన్ (1913-1990). అమెరికావాడు.

1954లో బెథెస్డాలోని ప్రభుత్వ మానసిక వైద్య సంస్థలో ఆయన ఒక వింతపని చేశాడు. మతి చలించిన పిల్లలతోపాటు వారి తల్లులనూ, తర్వాత తండ్రులనూ వార్డులోనే కాపురం పెట్టించాడు. జబ్బు ఒకరిదైనా కలత ఇంటిల్లిపాదిదీ అని గ్రహించాడు. ఇద్దరిమధ్య ముభావం పెరిగితే మూడోమనిషిని మధ్యకు లాగుతారు. దానికి 'త్రిభుజం' అని పేరు పెట్టాడు.

1959లో వాషింగ్టన్‌లోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయంలో చేరి ఈ 'కుటుంబ వ్యవస్థా సిద్ధాంతం' బోధించాడు. 1967లో ఫిలడెల్ఫియా సభలో శాస్త్రోపన్యాసం వినవచ్చిన వారికి తన సొంత తల్లిదండ్రులతో, తోబుట్టువులతో తాను మెలగిన తీరు చెప్పుకొచ్చాడు! అది 1972లో అచ్చయినప్పుడు రచయిత పేరు వేయలేదు. ఎంతైనా ఇంటిగుట్టు కదా!

అది విన్న శిష్యులు తామూ సొంత ఊళ్ళకు ప్రయాణమయ్యారు. నేటికీ ఈ చదువులో చేరినవారు తమ వంశపటం గీసుకొంటారు. ఇంటికి వెళ్ళి, ఎవరి పక్షమూ చేరకుండా, అలిగి దూరం కాకుండా మసలడం అభ్యసిస్తారు. ఇందులో పరీక్ష పెట్టేది మేష్టారు కాదు, మేనత్త!

మొదటి పాఠం మీరూ చదవవచ్చు. ఈసారి అమ్మగారు చెల్లెలిమీద ఫిర్యాదు చెబితే ఓపికగా వినండి. తీర్పు చెప్పకండి. ఆ మాట చెల్లెలికి మోయకండి. ఎంత కష్టమో తెలుస్తుంది!