పేరు ప్రభువుది, బ్రదుకు చెరువుది: నిజాంపేట

ఇంగ్లండులోని చిన్న గ్రామము యొక్క చరిత్ర వ్రాయదలచిన వారికి ఆధారములు చేతికందుచుండును. 1086 నాటి భూముల లెక్క కలదు. 1538 మొదలు చర్చిలలో జ్ఞానస్నానములను, వివాహములను, ఖననములను వ్రాసి యుంచిన పుస్తకములు కలవు. మన పల్లెలకు అట్టి పుస్తకములు అరుదు. మన గ్రామచరిత్రను ఊరి పేరులోను, చెరువులోను, కట్టమీది మైసమ్మ గుడిలోను చదువుకొనవలసి యున్నది.

హైదరాబాదునకు వాయవ్యమున నున్న నిజాంపేటనే తీసికొందము. పేట యనగా కోటనో పట్టణమునో ఆనుకొని వెలసిన నివాసము, అంగడి. 'నిజాం' అను మాట 1724లో ఆరంభమైన అసఫ్‌జాహీ ప్రభువుల బిరుదును జ్ఞప్తికి తెచ్చును. పేరు ప్రభువులదైనను, బ్రదుకు మాత్రము చెరువుపై నాధారపడినది.

ఈ ప్రాంతము రాతినేల. దగ్గరలో జీవనది లేదు. వాననీటిని నిలుపుకొనుటయే గతి. కావున మన పెద్దలు గొలుసుకట్టు చెరువులు త్రవ్వించిరి. పై చెరువు నిండి పొరలిన నీరు క్రింది చెరువునకు చేరును. చెరువునకు కట్ట, తూము, అలుగు అని మూడు అంగములు. తూము పొలమును తడుపును; అలుగు మిగులు నీటిని విడిచి కట్టను కాపాడును. నీరటికాడు వంతుల వారీగా మళ్లకు నీరు విడుచువాడు. లెక్కలు పట్వారీవి, శిస్తు మాలీ పటేలుది, కాపుదల పోలీసు పటేలుది. ఈ పదవులు 1984లో రద్దయినవి.

1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది. ఉద్యోగులకు ఇండ్లు కావలసి వచ్చినవి. పొలములు ప్లాట్లయినవి, ప్లాట్లు అంతస్తులయినవి. 2017లో మియాపూరు నుండి మెట్రో రైలు నడువసాగినది. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ పంచాయతీలను కలిపి నగరపాలక సంస్థగా చేసిరి.

ఇచ్చట మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. పొలములు పోగా తూమునకు పని లేకపోయినది. అంతమాత్రమున చెరువునకే పని లేదని తలచుట పొరపాటు. నేల సిమెంటుతో కప్పబడినపుడు వాన ఇంకదు. పారు నీరు హెచ్చును. అనగా అలుగునకు పని పెరిగినది. అలుగు వాగునకు గోడ అడ్డము పెట్టినచో నీరు ఇంటిలోనికి దారి చేసికొనును. 2020 అక్టోబరులో కురిసిన పెనువానలకు నగరమున లోతట్టు కాలనీ లనేకము మునిగినవి. నీటికి పాత దారి గుర్తున్నది, మరచినవారము మనమే.

నిజాంపేటలో తురక చెరువు నేటికిని కలదు. క్రొత్తగా ఇల్లు కొనువారు గదుల కొలతలతోపాటు, ఆ స్థలము శిఖము భూమియా, అలుగు నీరు ఎటు పారును అని ఊరి వృద్ధుల నడిగి తెలిసికొనుట మేలు. ఆ ప్రశ్నకు బదులు చెప్పగలవారు ఉన్నంతకాలము, ఎన్ని అంతస్తులు లేచినను, నిజాంపేట ఊరే యని మా తలంపు.