స్మాష్ కొడితే జీతం వస్తుందా?

సాయంత్రం అయిదు దాటితే చాలు, మన ఊళ్లలో హైస్కూలు గ్రౌండ్‌లో నెట్ కట్టేస్తారు. సంక్రాంతి టోర్నీలో కప్పు కొట్టిన కుర్రాడు కాలేజీ టీంలోకీ వస్తాడు. డిగ్రీ ఫైనలియర్‌కి వచ్చాక ఇంట్లో అసలు ప్రశ్న మొదలవుతుంది: 'ఈ బంతాట అన్నం పెడుతుందా?' పెడుతుంది. కాకపోతే ఆ దారి టీవీలో కనిపించేది కాదు.

టీవీలో కనిపించేది ప్రైమ్ వాలీబాల్ లీగ్. 2022 ఫిబ్రవరిలో తొలి సీజన్ మొత్తం హైదరాబాద్ గచ్చిబౌలిలోనే జరిగింది. ఏడు జట్లు, 24 మ్యాచ్‌లు, మూడు వారాల్లో అయిపోయింది. ఆ వేలంలో టాప్ ఆటగాళ్లకు పలికిన ధర రూ.15 లక్షలు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ధర కొద్దిమందికే, ఆట కొన్ని వారాలే. మిగతా నెలల మాటేంటి? పైగా ఇంతకుముందు 2011లో ఒకటి, 2019లో ఇంకొకటి లీగ్‌లు వచ్చి ఒక్క సీజన్‌తోనే ఆగిపోయాయి. అమ్మాయిలకైతే ఇందులో చోటే లేదు, ఇది పురుషుల లీగ్.

అందుకే మన దేశంలో వాలీబాల్ ఆటగాడికి అసలు ఆదాయం ఉద్యోగం. రైల్వే, పోలీస్, సైన్యం, ప్రభుత్వ రంగ సంస్థలు ఆటగాళ్లను తీసుకుని జీతమిచ్చి ఆడిస్తాయి. ఇటలీ వెళ్లి ప్రొఫెషనల్‌గా ఆడిన జిమ్మీ జార్జ్‌కీ కేరళ పోలీస్‌లో ఉద్యోగం ఉండేది. 21 ఏళ్లకే అర్జున అవార్డు అందుకున్న ఆటగాడాయన!

రైల్వే స్పోర్ట్స్ కోటానే తీసుకోండి. రాత పరీక్ష ఉండదు. మొత్తం 100 మార్కుల్లో క్రీడా విజయాలకు 50, ట్రయల్స్‌కు 40, చదువుకు 10. ట్రయల్స్‌లో 40కి 25 రాకపోతే అక్కడితో సరి. ఎప్పుడో గెలిచిన కప్పులు ఇక్కడ పనికిరావు, ఇటీవలి ప్రదర్శననే చూస్తారు. ఊరికే పాల్గొంటే చాలదు, ఏ స్థాయి పోటీలో ఏ స్థానం వచ్చిందన్నదే ముఖ్యం. ఇంటర్‌తో చేరే పోస్టులున్నాయి, డిగ్రీ అడిగేవీ ఉన్నాయి. కాబట్టి ప్రాక్టీసు పేరుతో సబ్జెక్టులు వదిలేసుకోకండి.

రాష్ట్ర ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా తెలంగాణలో 2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 3 శాతం. కేంద్ర గ్రూప్-సి పోస్టులకైతే ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో మీ యూనివర్సిటీ తరఫున ఆడి ఉన్నా అర్హతే. అందుకే కాలేజీ టీంతో ఆగిపోకుండా యూనివర్సిటీ సెలక్షన్స్‌కి వెళ్లాలి.

'నా ఎత్తు చాలదు సార్' అనేవాళ్లు చాలామంది. నిజమే, పురుషుల నెట్ 2.43 మీటర్లు, మహిళలది 2.24. అటాకర్‌కీ బ్లాకర్‌కీ ఎత్తు కావాల్సిందే. లిబెరోకి మాత్రం అక్కర్లేదు. వేరే రంగు జెర్సీ వేసుకుని వెనక వరుసలో బంతిని లేపడమే అతని పని. చురుకైన కాళ్లు, మంచి రిసీవింగ్ ఉంటే చాలు. మన ఊరి కుర్రాళ్లంతా స్మాష్‌కే ఎగబడతారు, రిసీవింగ్ నేర్చుకునేవాళ్లు తక్కువ. పోటీ పలచగా ఉన్న చోటు అదే.

ఎగిరి ఎగిరి మోకాళ్లు, భుజాలు అరుగుతాయి. ఆట ఆగాక బీపీఈడీ చేస్తే పీఈటీ, పాటియాలాలో డిప్లొమా చేస్తే కోచ్.

ఈలోపు ఒక పని చేయండి. యూనివర్సిటీకి ఆడిన ప్రతి పోటీకీ ఫారం-3 సర్టిఫికెట్ తీసుకోండి. దానిపై ఉండాల్సింది ప్రిన్సిపల్ సంతకం కాదు, యూనివర్సిటీ క్రీడా విభాగం డీన్ లేదా డైరెక్టర్ సంతకం. కోర్సు అయిపోయాక దానికోసం తిరగడం కష్టం.