బాయిలర్ నీటి వేడి తగ్గిస్తే గ్యాస్ ఎలా ఆదా అవుతుంది?

2022లో ఉక్రెయిన్‌పై రష్యా దాడి తరువాత సహజవాయువు ధర మరింత పెరగడంతో, చలికాలపు వెచ్చదనానికి ప్రధానంగా ఆ వాయువుపైనే ఆధారపడే బ్రిటన్‌లో సామాన్య కుటుంబాల ఖర్చు భరించరానిదైంది. అక్కడి ఇళ్లలో బాయిలర్ నీటిని కాచి, గదిలోకి వేడిని వదిలే లోహపు పలకలైన రేడియేటర్లకు గొట్టాల ద్వారా పంపుతుంది. వాయువు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి తిరిగి నీరుగా మారేటప్పుడు, తనలో ఇమిడి ఉన్న వేడిని, అంటే గుప్తోష్ణాన్ని, విడుదల చేస్తుంది. అయితే రేడియేటర్ల నుంచి తిరిగివచ్చే నీరు సుమారు 55 డిగ్రీల సెల్సియస్ కంటె చల్లగా ఉంటేనే ఇది బాయిలర్‌లో జరుగుతుంది, లేకుంటే ఆ వేడి ఆవిరితోపాటే పొగగొట్టం గుండా వృథాగా పోతుంది. అందువల్ల ఇలా ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని వాడుకునే కండెన్సింగ్ బాయిలర్ నుంచి వెలువడే నీటిని 80 డిగ్రీలకు బదులు 60 డిగ్రీల వద్ద ఉంచితే, గది వెచ్చబడడానికి కొంత ఎక్కువసేపు పట్టినా వాయువు ఆదా అవుతుంది. పైసా ఖర్చులేని ఈ ఉపాయం ఎన్నో ఇళ్లకు తెలియకపోవడం విచారకరం. వేడినీటిని ట్యాంకులో నిలవ ఉంచే ఇళ్లలో మాత్రం ఇంతగా తగ్గించడం తగదు, ఎందుకంటే లెజియోనెల్లా బాక్టీరియా నశించడానికి ఆ నిలవ నీరే 60 డిగ్రీల వరకు కాగవలసి ఉంటుంది.